ముల్లు నుండి అంకెకు

మా తండ్రిగారు 1978లో కొన్న బుల్లెట్టు మోటారుసైకిలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. దాని వేగమాపకం, అనగా అందరూ స్పీడోమీటరు అని పిలిచే గుండ్రని గాజు పెట్టె, గత వేసవిలో పని మానివేసినది. ముల్లు మొదట కొన్నాళ్ళు వణికినది. తరువాత నలభైకి అరవైకి నడుమ ఊగిసలాడినది. చివరకు సున్న వద్ద పడుకొన్నది. కేబులు మార్చి చూచినాము, ఫలితం లేకపోయినది. లోపలి యంత్రమే అరిగిపోయినదని మెకానిక్కు తేల్చి చెప్పినాడు. దాని స్థానంలో అంకెలు చూపే డిజిటల్ మీటరు బిగిస్తాననీ, అది ఒక పూట పని అనీ అన్నాడు. మేము ఆరు వారాలు ఆలోచించినాము.

ఇంత చిన్న విషయానికి ఆరు వారాలెందుకని మీకు తోచవచ్చును. ఆ గాజు పెట్టెలో వేగాన్ని చూపే ముల్లు ఒక్కటే లేదు. దాని క్రింద చిన్న కిటికీలో ఐదు అంకెలున్నవి. బండి ఇంటికి వచ్చిన నాటి నుండి ఎంత దూరం తిరిగినదో చెప్పేవి ఆ అంకెలే. మా తండ్రిగారు ఉద్యోగరీత్యా తిరిగిన ఊళ్ళు, మమ్మల్ని బడికి దించిన ఉదయాలు, మా నాయనమ్మను ఆసుపత్రికి తీసుకొనిపోయిన రాత్రి, అన్నీ ఆ సంఖ్యలో కలిసి ఉన్నవి. కొత్త మీటరు సున్నతో ఆరంభమవుతుంది. ఒక యంత్రాన్ని మార్చుతున్నామా, ఒక సాక్షిని తొలగిస్తున్నామా అన్నది మా సందేహం. ఆ సందేహమే నన్ను ఈ చిన్న యంత్రం చరిత్రలోనికి నడిపించినది.

ఆ చరిత్ర మోటారు యుగంతో మొదలైనది కాదు. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో రోమనగర వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథం పదవ భాగంలో దూరాన్ని కొలిచే బండిని ఒకదానిని వర్ణించినాడు. ఆ బండి చక్రపు వ్యాసం నాలుగు అడుగులు. ఒక చుట్టు తిరిగితే అది పన్నెండున్నర అడుగులు సాగుతుందని అతని లెక్క. 400 చుట్లకు ఐదు వేల అడుగులు. అది ఒక రోమను మైలు. చక్రానికి పళ్ళ చక్రాలు తగిలించి, 400 చుట్లు పూర్తి కాగానే ఒక గులకరాయి కంచుపాత్రలో పడేటట్లు ఏర్పాటు చేయవచ్చునని అతడు వ్రాసినాడు. ప్రయాణం ముగిసిన పిమ్మట పాత్రలోని రాళ్ళను లెక్కించితే ఎన్ని మైళ్ళు వచ్చినామో తెలుస్తుంది. చుట్టుకొలత తెలిసిన చక్రం, చుట్లను లెక్కించే ఉపాయం, ఈ రెండే ఆ యంత్రానికి ప్రాణం. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలె. ప్రసంగం చివర మరల దీనితో మనకు పని ఉన్నది.

మన దేశంలో కూడ ఈ ఉపాయం వాడుకలో ఉండినది. పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దాలలో ఈస్టిండియా కంపెనీ సర్వే ఉద్యోగులు పెరాంబులేటరు అనే పెద్ద చక్రాన్ని పిడి పట్టుకొని రహదారుల వెంట దొర్లించుకొంటూ పోయేవారు. చక్రపు ఇరుసు వద్ద ఉన్న పలక మీద దూరం కనిపించేది. ఐతే గుంతలలో దిగి మెట్టలెక్కే చక్రం ఉన్న దూరం కంటె ఎక్కువ చూపుతుంది. అందుకనే 1802లో విలియం లాంబ్టన్ చెన్నపట్నం సమీపాన సెయింట్ థామస్ మౌంటు దగ్గర మహాసర్వేకు ఆధారరేఖ కొలిచినప్పుడు చక్రాన్ని ప్రక్కకు పెట్టి ఉక్కు గొలుసును వాడినాడు. చక్రం నిజమే చెబుతుంది గాని తాను నడిచిన నేలను బట్టి చెబుతుంది.

ఇంతవరకు జరిగినది దూరం సంగతి. వేగం సంగతి వేరు. వేగం తెలియవలెనంటే దూరంతోపాటు కాలాన్ని కూడ కొలవవలె. ఎద్దుబండి మీద, గుర్రపుబండి మీద పోయేవానికి ఆ అవసరం లేదు. ఎద్దుల అలసటే అతనికి లెక్క. మోటారు బండ్లు వచ్చిన పిమ్మటనే వేగం చట్టానికి సంబంధించిన విషయమైనది. ఇంగ్లండులో 1896 నాటి చట్టం గంటకు 14 మైళ్ళను హద్దుగా నిర్ణయించినది. 1903 చట్టం దానిని 20 మైళ్ళకు పెంచినది. దారి ప్రక్కన పోలీసువాడు గడియారంతో నిలబడితే, అతని గడియారం చెప్పిన మాటకు ఎదురు చెప్పడానికి బండి నడిపేవానికి తనదైన సాక్ష్యం ఏదీ లేకపోయినది. వేగమాపకం ఆ లోటు నుండి పుట్టినది.

దాని పుట్టుకలో పలువురి చేతులున్నవి. క్రొయేషియా ప్రాంతానికి చెందిన యోసిప్ బెలూషిచ్ 1888లో విద్యుత్తుతో పనిచేసే వేగమాపకానికి హక్కు పొంది, మరుసటి యేట పారిస్ ప్రపంచ ప్రదర్శనలో దానిని చూపినాడు. కాని మన మోటారుసైకిళ్ళ మీద శతాబ్దం పాటు రాజ్యమేలినది మరొక పద్ధతి. దానికి 1902లో హక్కు పొందినవాడు ఒట్టో షుల్జే. ఆయన ఊరు స్ట్రాస్‌బుర్గు. అది ఆనాడు జర్మను సామ్రాజ్యంలో ఉండినది.

షుల్జే వాడుకొన్న ప్రకృతి ధర్మం అప్పటికే పాతది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అరాగో 1824లో ఒక వింతను కనిపెట్టినాడు. రాగిపళ్ళెం గిరగిర తిరుగుతూ ఉంటే, దాని మీద తాకకుండా వ్రేలాడే అయస్కాంతపు సూది కూడ తిరగడం మొదలుపెట్టినది. రాగిని అయస్కాంతం ఆకర్షించదు. మరి సూదిని లాగినదేది? 1831లో ఫారడే విద్యుత్ప్రేరణ సిద్ధాంతంతో దీనికి సమాధానం చెప్పినాడు. అయస్కాంతం దగ్గర లోహం కదిలినప్పుడు లోహంలో విద్యుత్తు సుడులు సుడులుగా ప్రవహిస్తుంది. ఆ సుడులు తమ అయస్కాంత బలంతో సూదిని తమ వెంట లాగుతవి.

మీటరులో ఈ ఏర్పాటు తలక్రిందులైనది. ముందు చక్రం దగ్గర నుండి ఒక మెత్తని ఉక్కుతీగల కేబులు గొట్టంలో తిరుగుతూ పైకి వస్తుంది. దాని కొసన ఒక చిన్న అయస్కాంతం తిరుగుతుంది. అయస్కాంతం మీద అల్యూమినియపు గిన్నె ఒకటి బోర్లించి ఉంటుంది. రెండింటికీ తాకుడు లేదు. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో సుడులు పుట్టి, గిన్నె కూడ తిరగబోతుంది. వెంట్రుకవంటి స్ప్రింగు దానిని వెనుకకు పట్టుకొంటుంది. వేగం హెచ్చితే లాగుడు హెచ్చుతుంది. గిన్నె ఇంకొంచెం తిరిగి, స్ప్రింగు బలంతో సరితూగిన చోట నిలుస్తుంది. గిన్నెకు అమర్చిన ముల్లు ఆ నిలకడను మనకు చూపుతుంది. అనగా ఈ యంత్రం దేనినీ లెక్కించదు. ఒక బలానికి మరొక బలాన్ని ఎదురు నిలిపి త్రాసువలె తూచుతుంది. దూరం చూపే ఐదు అంకెలు మాత్రం పళ్ళ చక్రాలతో విడిగా తిరుగుతవి. అవి విట్రూవియస్ గులకరాళ్ళ సంతతి.

ఈ త్రాసుకు పోటీ లేకపోలేదు. ఇంగ్లండు స్మిత్స్ సంస్థ తయారుచేసిన క్రోనోమెట్రిక్ మీటరులో నిజమైన గడియారపు యంత్రమే ఉండేది. అది చిన్న కాలవ్యవధులలో చక్రపు చుట్లను లెక్కించి, ఆ లెక్కను ముల్లుకు అందించేది. అందుచేత దాని ముల్లు జారుతూ కదలక, మెట్టు మెట్టుగా దుముకుతూ పోయేది. 1960ల మధ్య దాకా బ్రిటిషు మోటారుసైకిళ్ళలో ఈ మీటరుకు గొప్ప పేరుండినది. కాని గడియారం చేసే పనితనం ఖరీదైనది. అయస్కాంతము, గిన్నె, స్ప్రింగు చౌక. చివరకు చౌకైన త్రాసే గెలిచినది. 1937 అక్టోబరు నుండి బ్రిటనులో కొత్త మోటారు వాహనాలకు వేగమాపకం తప్పనిసరి అయినది. మన 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో కూడ దానికి ఒక నియమం కేటాయించినారు.

మా ఇంటి బుల్లెట్టు వంశం మద్రాసుది. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీ, మద్రాసు మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించినవి. సరిగా ఆ సంవత్సరాలలోనే మన దేశపు కొలతలు మారినవి. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చినది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. 1958 నుండి మెట్రిక్ కొలతలు దశలవారీగా అమలులోనికి వచ్చినవి. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చినవి. బండి మీటరు పలక మీద, రోడ్డు ప్రక్క రాళ్ళ మీద అంకెలన్నీ మారవలసి వచ్చినది. నలభై మైళ్ళ వేగంతో పోయే బండి ఏమీ చేయకుండానే అరవై నాలుగు కిలోమీటర్ల వేగంతో పోవడం మొదలుపెట్టినది. రాయి మారినది గాని దానిని మనమింకా మైలురాయి అనే పిలుస్తున్నాము. కొలత మారినా మాట నిలిచినదన్నమాట.

ఇక అంకెల మీటరు సంగతి. దీనికి మూడు వైపుల నుండి దారులు వచ్చినవి. 1879లో అమెరికనుడు ఎడ్విన్ హాల్, విద్యుత్తు ప్రవహించే లోహపు రేకును అయస్కాంతం దగ్గర ఉంచితే ఆ రేకు అంచుల నడుమ కొద్దిపాటి వోల్టేజి పుడుతుందని కనుగొన్నాడు. అయస్కాంతం ఎదుటికి వచ్చినదా లేదా అని తాకకుండా చెప్పగల సాధనానికి అది మూలం. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని తయారుచేసినాడు. 1968లో జార్జి హైల్మయర్ బృందం ద్రవస్ఫటికాలతో అంకెలను చూపే పలకను ప్రకటించినది. ఇవి మూడూ ఒకచోట చేరిన తరువాత ముల్లుతో పని లేకుండా వేగాన్ని చూపడం సాధ్యమైనది. 1976లో ఆస్టన్ మార్టిన్ కంపెనీ లగోండా కారును అంకెల పలకతో ప్రదర్శించినది. దాని విద్యుత్ యంత్రాంగం పెట్టిన చిక్కుల వల్ల కొన్నవారికి బండి అందడానికి 1979 వచ్చినది. మన దేశంలో 2007లో వచ్చిన బజాజ్ పల్సర్ 220లో వేగం అంకెలలోనే కనిపించినది. పాత బండ్లకు బిగించుకొనే విడి మీటర్లు తైవాను, జర్మనీల నుండి వచ్చి, ఇప్పుడు మన పట్టణాల విడిభాగాల అంగళ్ళలో సైతం దొరుకుతున్నవి.

మెకానిక్కు మా బండికి దానిని అమర్చిన తీరు చూచినాను. ముందు చక్రానికి గోలీకాయ కంటె చిన్న అయస్కాంతమొకటి అతికించినాడు. దాని ఎదురుగా ఫోర్కుకు ఒక సెన్సరును బిగించినాడు. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా అయస్కాంతం సెన్సరు ముందు నుండి పోతుంది. తీగ వెంట ఒక స్పందన పైకి వెళుతుంది. స్పందనకు స్పందనకు నడుమ ఎంత కాలం పట్టినదో మీటరులోని చిన్న గడియారం కొలుస్తుంది. అంతవరకు బాగున్నది. కాని చక్రం ఎంత పెద్దదో మీటరుకు తెలియదు. అది మనమే చెప్పవలె.

అప్పుడతడు టైరు మీద సుద్దముక్కతో గీత గీసినాడు. నేలమీద మరొక గీత గీసినాడు. "సార్, మీరు బండి మీద కూర్చోండి, బరువు పడాలి" అన్నాడు. నేను కూర్చున్నాను. బండిని మెల్లగా ముందుకు నెట్టి, టైరు మీది గీత మరల నేలను తాకిన చోట గుర్తుపెట్టి, టేపుతో కొలిచినాడు. 205 సెంటీమీటర్లు. ఆ అంకెను మీటరులో ఎక్కించినాడు. నాకు విట్రూవియస్ పన్నెండున్నర అడుగులు స్ఫురణకు వచ్చినవి. రెండు వేల సంవత్సరాల తరువాత కొత్త యంత్రం పాత ఉపాయానికే వచ్చి చేరినది: చుట్టుకొలత తెలిసిన చక్రం, చుట్ల లెక్క. రోమను మైలుకు 400 చుట్లు. మా బండికి కిలోమీటరుకు 488 చుట్లు. నడుమ వచ్చిన షుల్జే త్రాసు ఒక శతాబ్దపు విరామం మాత్రమే. కొత్తదనుకొన్న అంకెల మీటరు నిజానికి వంశంలో పెద్దది.

లెక్కించే యంత్రానికి లెక్కించే యంత్రపు గుణదోషాలుంటవి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఎనిమిది మార్లకు కొంచెం పైగా తిరుగుతుంది. అంకె వెంటవెంటనే సరిదిద్దుకొంటుంది. పది కిలోమీటర్ల వేగంలో ఒక చుట్టుకు ముప్పాతిక సెకను పడుతుంది. అప్పుడు అంకె నిజం కంటె వెనుకబడుతుంది. అందుకనే కొందరు ఒక అయస్కాంతం బదులు నాలుగు అతికిస్తారు. 205కు బదులు 215 అని తప్పు ఎక్కిస్తే, నిజంగా అరవైలో పోయేటప్పుడు అరవై మూడు చూపుతుంది. టైరు అరిగినకొద్దీ చుట్టుకొలత తగ్గి, మీటరు ఉన్న వేగం కంటె కొంచెం ఎక్కువ చెబుతుంది. పది కిలోమీటరు రాళ్ళ దూరం నడిపి సరిచూచుకొనడం మంచి పద్ధతి. పాత మీటరు ముసలితనం వల్ల అబద్ధమాడేది. కొత్తది మనం చెప్పిన అబద్ధాన్ని ఖచ్చితంగా తిరిగి చెబుతుంది.

మరి పోయినదేమి? రేడియో ఉన్న ఇంటివారికి ఇది సులభంగా బోధపడుతుంది. వెనుకటి వాల్వు రేడియోలో గాజు పలక వెనుక ఒక ముల్లు దారం మీద జరుగుతూ ఉండేది. స్టేషను ఏ చోట ఉన్నదో చేతికి తెలిసేది. దగ్గర పడుతున్నామని గరగర శబ్దమే చెప్పేది. తరువాతి రేడియోలలో 837 అని అంకె వేస్తే విజయవాడ పలికినది. అంకెలో పొరపాటు లేదు. కాని ముల్లుకు ఇరుప్రక్కలా ఉండే దేశం అందులో కనిపించదు. మోటారుసైకిలు మీద ఈ భేదం ఇంకా ముఖ్యమైనది. రోడ్డు మీద నుండి చూపు తిప్పగల కాలం బహు స్వల్పం. ముల్లు ఎంత వాలినదో, ఎటు పోతున్నదో చదవకుండానే తెలుస్తుంది. అంకెను చదవవలె, చదివే లోపల అది మారుతుంది. తయారీదారులకు ఈ సంగతి తెలియక కాదు. 2020లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డు మీటియరు 350లో వేగానికి మరల ముల్లునే నిలిపి, దూరానికీ ఇతర వివరాలకూ దాని నడుమ చిన్న అంకెల కిటికీ పెట్టినారు. త్రాసుకూ లెక్కకూ ఒకే పలక మీద చోటు దొరికినది.

ఇక మా సందేహంలో మిగిలినది ఆ ఐదు అంకెలు. ఇది కేవలం మమకారానికి సంబంధించిన విషయం కాదు. బండి నడిచిన దూరం దాని వెలను నిర్ణయిస్తుంది. దానిని తగ్గించి చూపి అమ్మడం కొన్నవానిని మోసగించడమే. అమెరికాలో 1972లో ఒక చట్టం చేసి దూరపు అంకెలను వెనుకకు త్రిప్పడాన్ని నిషేధించినారు. మీటరు చెడిపోయి కొత్తది పెట్టినప్పుడు పాత సంఖ్యను దానిలో నిలుపలేకపోతే ఏమి చేయవలెనో కూడ అక్కడి చట్టం చెప్పినది. కొత్తదానిని సున్న వద్ద ఉంచవలె. పాత సంఖ్యనూ మార్చిన తేదీనీ వ్రాసి ఆ కాగితాన్ని బండి ఎడమ తలుపు చట్రానికి అతికించవలె. యంత్రం జ్ఞాపకముంచుకొనలేని దానిని మనిషి వ్రాసి పెట్టవలెనన్నమాట.

ఈ సంగతి మా తండ్రిగారికి చెప్పినాను. ఆయన నవ్వి, బీరువాలో నుండి అట్ట చిరిగిన లెక్కల పుస్తకం తీసినారు. అందులో 1996లో ఆయన స్వహస్తంతో వ్రాసిన ఒక పంక్తి ఉన్నది: ఈనాటితో లక్ష కిలోమీటర్లు పూర్తి, మీటరు సున్నకు వచ్చినది. ఐదు అంకెల మీటరు 99,999 తరువాత తనంతట తానే మొదటికి వచ్చి ఉండినది. మేము అంత అపురూపంగా చూచుకొన్న 38,214 అన్న సంఖ్య లక్ష కిలోమీటర్లను మరచిపోయిన సంఖ్య. నిజం ఇంతకాలమూ గాజు పెట్టెలో లేదు, బీరువాలో ఉన్నది.

"మీటరుదేముందిరా, అది లక్షకే అలిసిపోయింది. బిగించమను" అన్నారు ఆయన.

మరునాడే కొత్త మీటరు బిగించినారు. పాతది ఇప్పుడు పుస్తకాల అరలో రేడియో ప్రక్కన ఉన్నది, ముల్లు సున్న మీద. లెక్కల పుస్తకంలో 1996 నాటి పంక్తి క్రింద నేను తేదీ వేసి ఇంకొక పంక్తి చేర్చినాను: మీటరు మార్చినాము, ఇప్పటికి నడిచినది 1,38,214 కిలోమీటర్లు, చక్రం చుట్టుకొలత 205 సెంటీమీటర్లు. దాని క్రింద మా తండ్రిగారు సంతకం చేసినారు.